పది ఊళ్ళ లైబ్రరీ

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒక ఊళ్ళో ఉండదు. 1868లో మొదలైన ఆ సంస్థకు ఇవాళ పది క్యాంపస్‌లు. ఉత్తరాన డేవిస్, దక్షిణాన మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో శాన్ డియేగో, మధ్యలో బర్క్‌లీ, శాన్ ఫ్రాన్సిస్కో, శాంటా క్రూజ్, మెర్సెడ్, శాంటా బార్బరా, లాస్ ఏంజెలెస్, రివర్‌సైడ్, అర్వైన్. ఎవరి ఛాన్సలర్ వాళ్ళకు, ఎవరి గొప్పలు వాళ్ళకు. పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క మారుతుంది. అన్నిట్లో కలిపి వందకు పైగా లైబ్రరీలు, నాలుగు కోట్లకు పైగా అచ్చు పుస్తకాలు ఉంటే, వెతుక్కోవడానికి కేటలాగ్ ఒక్కటే. మెర్సెడ్‌లో చదివే పిల్లాడు శాన్ డియేగోలో ఉన్న పుస్తకం అడిగితే పైసా తీసుకోకుండా తెప్పించి ఇస్తారు.

నేను డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌గా రిటైరయినదాన్ని. మా అబ్బాయి ఫ్రీమాంట్‌లో ఉంటాడు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు అక్కడ చూపించే వరస ఒకటుంది: గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, కాస్ట్‌కో. అవన్నీ అయ్యాక, ఇంకేం చూస్తావమ్మా అని మావాడు అడిగితే బర్క్‌లీ లైబ్రరీ అన్నాను. వాడికి సెలవు దొరకలేదు. మా కోడలి స్నేహితురాలి చెల్లెలు అక్కడే పరిశోధన చేస్తోంది, హనుమకొండ అమ్మాయి. ఆ అమ్మాయికి నన్ను అప్పజెప్పి, రిచ్‌మండ్ వెళ్ళే బార్ట్ రైలెక్కించారు.

బర్క్‌లీ స్టేషన్‌లో దిగి కొంచెం ఎత్తు నడిస్తే క్యాంపస్. డో లైబ్రరీ ఉత్తరపు గుమ్మం పైన ఎథీనా తల చెక్కి ఉంటుంది. మనకు సరస్వతి ఎలాగో గ్రీకులకు ఆవిడ అలాగ. చార్లెస్ ఫ్రాంక్లిన్ డో అనే వ్యాపారి వీలునామాలో రాసిపోయిన డబ్బుతో, జాన్ గేలెన్ హోవర్డ్ అనే వాస్తుశిల్పి గీసిన ప్లాను ప్రకారం 1911 నాటికి కట్టిన భవనమిది. లోపలి నార్త్ రీడింగ్ రూమ్‌ను ఫొటోల్లో చాలామంది చూసే ఉంటారు. గుండ్రంగా వంగిన ఎత్తయిన కప్పు, రెండు చివర్లా నిలువెత్తు కిటికీలు, పొడుగు బల్లలు, బల్లల మీద దీపాలు. అంత పెద్ద గదిలో వందలమంది కూర్చుని ఉంటే వినపడేది కీబోర్డుల టకటక ఒక్కటే. నాకు ఆశ్చర్యం అనిపించింది నిశ్శబ్దం కాదు. మా కాలేజీలో నిశ్శబ్దం కోసం నేను గొంతు పోయేలా అరిచేదాన్ని, ఇక్కడ అరిచేవాళ్ళే కనపడలేదు. పర్యాటకులు వచ్చి ఫొటోలు తీసుకుని పోతున్నా పిల్లలు తల ఎత్తరు.

"ఆంటీ, గీడ కూర్చుంటే సినిమాల ఉన్నట్టు ఉంటది గాని, సీరియస్‌గా చదివేటోళ్ళంత కిందికే పోతరు," అంది హనుమకొండ అమ్మాయి.

ఆ కింద అన్నది గార్డ్‌నర్ స్టాక్స్. డో పక్కన పచ్చిక మీద పిల్లలు పడుకుని ఎండ కాచుకుంటూ ఉంటే, ఆ పచ్చిక కింద నాలుగంతస్తుల లైబ్రరీ ఉంటుందని చెబితే తప్ప తెలియదు. 1994లో తెరిచారు. హేవార్డ్ ఫాల్ట్ అనే భూకంపాల పగులు సరిగ్గా ఈ క్యాంపస్ స్టేడియం కిందుగా పోతుంది, కాబట్టి ఇక్కడ ఏ గోడ కట్టాలన్నా ముందు దాని సంగతి ఆలోచించాలి. కౌంటర్లో గుర్తింపు కార్డు చూపించి, ఎందుకొచ్చామో చెప్పి, అనుమతి తీసుకుని మెట్లు దిగాం. పైనుంచి గాజు కప్పుల గుండా వెలుగు నేల అడుక్కి దిగుతోంది, నేలమాళిగలో ఉన్నామన్న భావన రాదు. అరలన్నీ ఒకే వరసలో పేరిస్తే 52 మైళ్ళట, అంటే దాదాపు 84 కిలోమీటర్లు. బెజవాడలో మొదలుపెట్టి పేర్చుకుంటూ పోతే ఏలూరు దాటిపోవాలి.

ఓపెన్ యాక్సెస్ అన్నమాట మేం లైబ్రరీ సైన్సు పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఉద్యోగంలో చేరాక బీరువాలకు తాళం వేసి, స్లిప్పు రాసిస్తే అటెండరు తెచ్చిచ్చే పద్ధతిలోనే బతికాను. ఎందుకంటే ఏటా స్టాక్ వెరిఫికేషన్ జరుగుతుంది, పోయిన పుస్తకానికి లైబ్రేరియన్ జీతంలోంచి కోత పడుతుంది. పుస్తకం ఎవరూ చదవకపోతే అడిగేవాడు లేడు, పోతే మాత్రం సంజాయిషీ. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు రాసి, మొట్టమొదటి దాంట్లోనే పుస్తకాలున్నది వాడుకోవడానికి అన్నారు. ఆ సూత్రాన్ని ఫ్రేము కట్టించి తాళం వేసిన బీరువా మీదే తగిలించినవాళ్ళం మేము.

నా చేతివేళ్ళకు అలవాటైన సంఖ్య 894.827. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానిది ఆ నంబరు. ఇక్కడ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతి, తెలుగువాళ్ళు పీఎల్ 4780 దగ్గర ఉంటారు. దీంట్లో ఒక తమాషా ఉంది. సంస్కృతం, హిందీ, బెంగాలీ, మరాఠీ పీకే అనే విభాగంలో ఉంటే, ద్రావిడ భాషలు పీఎల్‌లో చేరాయి. అందులోనే చైనీస్, జపనీస్, కొరియన్, ఆఫ్రికా భాషలు. అంటే వర్గీకరణ ప్రకారం గురజాడకు ఠాగూరు కంటే జపాను హైకూ కవి దగ్గరి చుట్టం. మలయాళం, తమిళం దాటుకుంటూ వెళ్తే తెలుగు అరలు వచ్చాయి.

నిలబడిపోయాను. గుడ్డ బైండు వేసిన బక్క నవలలు, వాటి వెన్ను మీద ఇంగ్లీషు అక్షరాల్లో మన రచయితల పేర్లు. ఒకదాన్ని తీసి అట్ట తిప్పాను. 1960లలో విజయవాడలో అచ్చయిన నవల, లోపల పేజీ మీద పీఎల్-480 ముద్ర.

ఆ నంబరు మా తరానికి పుస్తకాల వల్ల తెలియదు, తిండి వల్ల తెలుసు. 1954లో అమెరికా చేసిన చట్టం అది. వాళ్ళ దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని డాలర్లు లేని దేశాలకు ఆయా దేశాల డబ్బుకే అమ్మవచ్చని దాని సారాంశం. మన ప్రభుత్వం 1956లో ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఆ గోధుమలు ఓడల మీద వచ్చాయి. 1965, 66 కరువుల్లో ఆ ఓడల కోసం దేశమంతా ఎదురుచూసింది. వరి తప్ప ఎరగని మా ఇళ్ళలో గోధుమ నూక అన్నం వండి, అది ఉడికిందో లేదో తెలియక మా నాయనమ్మ తిట్టుకోవడం నాకు బాగా గుర్తు.

ఆ గోధుమలకు మనం కట్టిన రూపాయలు అమెరికా ఖాతాలో మనదేశంలోనే పేరుకుపోయాయి. బయటికి తీసుకుపోవడానికి వీల్లేదు, ఇక్కడే ఖర్చుపెట్టుకోవాలి. ఏం చేయాలా అని ఆలోచించినవాళ్ళలో లైబ్రరీవాళ్ళు కూడా ఉన్నారు. ఆ డబ్బుతో పుస్తకాలు కొనవచ్చని 1958లో చట్టానికి సవరణ తెచ్చుకున్నారు. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో ఆఫీసు తెరిచి భారతీయ భాషలన్నిట్లో వచ్చే పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. కావ్యాలే కాదు, నవలలు, పత్రికలు, ప్రభుత్వ నివేదికలు, ఏవి దొరికితే అవి. షికాగో, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా, బర్క్‌లీ లాంటి చోట్లకు పెట్టెలు పెట్టెలుగా వెళ్ళాయి. అక్కడ తెలుగు చదవగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న అప్పుడు ఎవరూ వేసినట్టు లేదు, వేయకపోవడమే మంచిదయింది. పేరుకున్న రూపాయల్లో పెద్ద భాగాన్ని 1974లో అమెరికా రాయబారి మొయినిహాన్ మన ప్రభుత్వానికి తిరిగిచ్చేశాడు, ఒకే చెక్కు మీద 1664 కోట్లు. ఆ తర్వాత చందాలు కట్టుకుని కలిసి కొనుక్కునే పద్ధతిలో ఆ కొనుగోళ్ళు సాగుతూ వచ్చాయి.

మన ఊళ్ళలో అద్దె లైబ్రరీలు ఉన్నప్పుడు ఇలాంటి నవలలు చేతులు మారీ మారీ చిరిగిపోయాయి. టీవీ వచ్చాక ఆ షాపులు మూతబడి మిగిలినవి తూకానికి వెళ్ళాయి. కాలేజీ లైబ్రరీల్లో సిలబస్‌లో లేని నవలకు చోటు ఎక్కడిది? నేనే ఎన్నిసార్లు కొనుగోలు జాబితాలో నవలల పేర్లు కొట్టేయించుకున్నానో. మా నాయనమ్మ తిట్టుకుంటూ తిన్న గోధుమ నూక డబ్బుతో కొన్న నవల ఇక్కడ, ఈ నేల అడుగున, ఒక్క పేజీ నలగకుండా ఉంది. దీనికి సంతోషించాలో ఏడవాలో నాకైతే తేలలేదు.

అక్కడికి దగ్గర్లోనే ఇక్కడి విశ్వవిద్యాలయ ప్రెస్ వేసిన పుస్తకాలు. ధూర్జటి కాళహస్తీశ్వర శతకానికి హాంక్ హైఫెట్జ్, వెల్చేరు నారాయణరావు గార్ల అనువాదం 1987లో, నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్ల ప్రాచీన తెలుగు కవిత్వ సంకలనం 2002లో వచ్చాయి. అవి బాగా నలిగి ఉన్నాయి. ఎమెనో పేరు కూడా ఇక్కడ తలుచుకోవాలి. కెనడాలో పుట్టి, నీలగిరుల్లో తోడాల మధ్య ఉండి వాళ్ళ భాష నేర్చి, మన ఆదిలాబాద్ వైపు కూడా మాట్లాడే కొలామీకి వ్యాకరణం రాసి, ఇక్కడ భాషాశాస్త్ర విభాగాన్ని స్థాపించినాయన. బరో అనే మరో భాషావేత్తతో కలిసి ఆయన చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చింది, సవరించిన కూర్పు 1984లో. నూరేళ్ళు దాటి బతికి 2005లో పోయారు. ఆ నిఘంటువు చూడకుండా తెలుగు మాటల పుట్టుక గురించి ఎవరూ మాట్లాడలేరు.

నాకు కావలసిన నవల మాత్రం అరలో లేదు. నా డిగ్రీ రోజుల్లో ఒక రచయిత్రిది అద్దెకు తెచ్చుకుని ఒక్క రాత్రిలో చదివి, మళ్ళీ ఎప్పుడూ దొరకనిది. అమ్మాయి ఫోన్లోనే కేటలాగ్ తీసి వెతికింది. ఇదివరకు మెల్విల్ అని పది క్యాంపస్‌ల ఉమ్మడి కేటలాగ్ ఉండేది. డ్యూయీ గారి మొదటి పేరే దానికి పెట్టారు. 1980లలో, ఇంటర్నెట్ అన్నమాట జనానికి తెలియని రోజుల్లోనే కంప్యూటర్‌లో నడిచింది. 2021లో దాన్ని విరమించి కొత్తది పెట్టారు.

"ఉన్నది ఆంటీ. గాని రిచ్‌మండ్‌ల ఉన్నది."

రిచ్‌మండ్ అంటే మేం ఎక్కివచ్చిన రైలు చివరి ఊరు. అక్కడ 1982లో కట్టిన ప్రాంతీయ నిల్వ కేంద్రం ఉంది. ఉత్తరాది క్యాంపస్‌లలో చోటు చాలని పుస్తకాలన్నీ అక్కడికి వెళ్తాయి. దక్షిణాదివాటికి 1987 నుంచి లాస్ ఏంజెలెస్‌లో ఇంకొకటి. నియమం ఏమిటంటే, ఒక పుస్తకానికి అక్కడ ఒక ప్రతే ఉంచుతారు. అయిదు క్యాంపస్‌లు అయిదు ప్రతులు పంపితే నాలుగు వద్దంటారు. ఉంచిన ఆ ఒక్కదాన్ని ఇక తీసిపారేయరు. చల్లదనం, తేమ కొలత ప్రకారం ఉంచుతారు. పుస్తకాలను విషయం ప్రకారం కాకుండా సైజు ప్రకారం పేరుస్తారు. పొట్టివన్నీ ఒకచోట, పొడుగువన్నీ ఒకచోట, అంగుళం వృథా పోకుండా. ఏ పుస్తకం ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలుసు, మనిషికి తెలియనక్కర్లేదు.

దీని గురించి నాకు ఒక తగువు ఉంది. ముందే పేరు తెలిసి అడిగినవాడికే అక్కడి పుస్తకం దొరుకుతుంది. అరల మధ్య తిరుగుతూ, వెతికినదాని పక్కన వెతకనిది కనపడి తీసుకోవడమే లైబ్రరీలో నిజమైన లాభమని ముప్పై ఏళ్ళకు పైగా చెప్పినదాన్ని. సైజు ప్రకారం పేరిస్తే మన నవల పక్కన ఏ ట్రాక్టర్ రిపేరు మాన్యువలో ఉంటుంది. చివరిగా ఎప్పుడు అడిగారన్నది చూసి ఏవి పంపాలో నిర్ణయిస్తే, చిన్న భాషల పుస్తకాలే ముందు మూట కట్టుకోవాలి. అడిగేవాళ్ళు తక్కువని దూరం పంపుతారు, కంటికి కనపడక అడిగేవాళ్ళు ఇంకా తగ్గుతారు. ఈ మాట అంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "మరి మీ దగ్గర ఏం చేస్తరు ఆంటీ, చోటు లేకుంటే?" అంది. రద్దు చేసి వేలం వేస్తాం, కిలోల లెక్కన. నేనింకేం మాట్లాడను?

ఆ అమ్మాయి నా నవల కోసం అర్జీ పెట్టింది. రెండ్రోజుల్లో డో కౌంటర్‌కు వచ్చిందని మెయిల్ వచ్చింది. డోలోనే దక్షిణాసియా, ఆగ్నేయాసియా పుస్తకాలకు ప్రత్యేకమైన గది ఉంది, నిఘంటువులు, గ్రంథసూచికలు అక్కడ. ఆ గదిలో కూర్చుని చదివాను. డిగ్రీ రోజుల్లో ఆ హీరో మహానుభావుడు అనిపించాడు. ఇప్పుడు చదివితే ఉత్త మొండివాడు. నాయికకు నాలుగు చీవాట్లు పెట్టాలనిపించింది. కానీ భాష ఉందే, తెనాలి వాకిళ్ళలో ఆడవాళ్ళు మాట్లాడుకునే మాట యథాతథంగా, ఒక్క అక్షరం పోకుండా ఉంది.

మధ్యలో బ్యాంక్రాఫ్ట్ లైబ్రరీ చూశాను. హ్యూబర్ట్ హోవ్ బ్యాంక్రాఫ్ట్ అనే పుస్తకాల వ్యాపారి పోగేసిన సంపద. విశ్వవిద్యాలయం 1905లో కొన్నది, 1906 భూకంపానికి శాన్ ఫ్రాన్సిస్కో తగలబడిపోతే ఆయన లైబ్రరీ భవనం మాత్రం బతికిపోయింది, ఆ తర్వాత పుస్తకాలు బర్క్‌లీ చేరాయి. మార్క్ ట్వేన్ కాగితాలు ఇక్కడే ఉన్నాయి. నన్ను కదలనివ్వనిది మాత్రం మొసళ్ళ కథ. 1899, 1900 చలికాలంలో ఈజిప్టులోని టెబ్టునిస్‌లో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు తవ్వకాలు జరిపించారు, ఖర్చు ఫీబీ హర్స్ట్ అనే ఇక్కడి దాతది. శవపేటికల కోసం తవ్వితే మొసళ్ళ మమ్మీలు వరసపెట్టి బయటపడుతుంటే విసుగెత్తి ఒక కూలీ ఒకదాన్ని పగలగొట్టాడు. లోపల చుట్టినదంతా రాతలున్న పాపిరస్. పనికిరాదని పారేసిన పాత కాగితాలే, పన్నుల లెక్కలు, ఫిర్యాదులు, ఉత్తరాలు. అమెరికా ఖండాల్లో ఇంత పెద్ద పాపిరస్ సేకరణ ఇంకెక్కడా లేదు. తూకానికి పోయిన కాగితమే రెండువేల ఏళ్ళ తర్వాత చరిత్ర అయిందంటే, మా కాలేజీ వేలాలు గుర్తొచ్చి గుండె కలుక్కుమంది.

ఇక చదువుకునే చోట్ల సంగతి. 1970లో కట్టిన మోఫిట్ లైబ్రరీ పై అంతస్తులను 2016లో మార్చేశారు. అక్కడ నిశ్శబ్దం అక్కర్లేదు, తినొచ్చు, గోడల మీద రాసుకుంటూ గుంపుగా వాదించుకోవచ్చు. మొదట నాకు నచ్చలేదు. కాసేపు కూర్చుని చూశాక, పరీక్షల ముందు మా కాలేజీ మెట్ల మీద, సైకిల్ స్టాండులో గుంపులుగా కూర్చుని చదివే పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళకూ కావలసింది ఇదే, మేం ఇవ్వలేదంతే. కింద కాఫీ కొట్టుకు ఫ్రీ స్పీచ్ ఉద్యమం పేరు పెట్టుకున్నారు, 1964లో ఈ క్యాంపస్‌లో పుట్టిన ఉద్యమం అది.

ఆ ఉద్యమాల అలవాటు ఇంకా పోలేదు. ఖర్చులు తట్టుకోలేక ఆంత్రొపాలజీ లైబ్రరీని మూసేస్తామన్నప్పుడు, 2023 ఏప్రిల్‌లో విద్యార్థులు పక్కబట్టలు తెచ్చుకుని అందులోనే మకాం పెట్టారు. రెండు నెలలు దాటి పట్టుబట్టాక, పూర్తిగా మూత పడకుండా ఒప్పందం కుదిరింది. లైబ్రరీ ఉండాలని పిల్లలు నేలమీద పడుకోవడం నేను ఉద్యోగంలో ఉండగా ఊహకు కూడా రానిది. ఇంకో పోరు వేరే తీరుది. పరిశోధన పత్రికలు అమ్మే ఎల్సెవియర్ కంపెనీతో 2019లో పది క్యాంపస్‌లూ ఒక్కమాట మీద చందా మానేశాయి. తమ ప్రొఫెసర్లు రాసినది ప్రపంచమంతా ఉచితంగా చదువుకునేలా ఉండాలన్నది షరతు. 2021 మార్చిలో కంపెనీ ఆ షరతుతో సంతకం పెట్టింది. ఒక్కో కాలేజీ ఒంటరిగా అడిగి ఉంటే గుమ్మంలోకి కూడా రానిచ్చేవాళ్ళు కారు.

దక్షిణాదికి మావాడితో కారులో వెళ్ళినప్పుడు లాస్ ఏంజెలెస్‌లో పావెల్ లైబ్రరీ చూశాను. రే బ్రాడ్‌బరీ అక్కడి నేలమాళిగలో అద్దె టైపురైటర్ మీద, అరగంటకు పది సెంట్లు వేసుకుంటూ, మొత్తం 9 డాలర్ల 80 సెంట్ల ఖర్చుతో ఒక కథ రాశాడు. దాన్నే పెంచి 1953లో ఫారెన్‌హీట్ 451 నవలగా వేశాడు. పుస్తకాలు తగలబెట్టే లోకం గురించిన కథకు కూర్చునే చోటిచ్చింది ఒక లైబ్రరీ. శాన్ డియేగోలో గైజెల్ లైబ్రరీ అంతరిక్ష నౌకలా ఉంటుంది, పిల్లల పుస్తకాల డాక్టర్ సూస్ అసలు పేరే దానికి పెట్టారు. ఫొటోలు బాగా వచ్చాయి, అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

వచ్చే ముందు నాకు గుర్తున్న పాత నవలల పేర్లు ఒక కాగితం మీద రాసి అమ్మాయికిచ్చాను. ఇంటికి చేరేసరికి వాట్సాప్‌లో జవాబు. సగం రిచ్‌మండ్‌లో, కొన్ని స్టాక్స్‌లో, ఒకటి లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాయి. ఒక్క పేరు పక్కన మాత్రం 'పదింటిలో ఎక్కడా లేదు ఆంటీ' అని రాసింది. అది మా ఇంట్లో ఉంది, తెనాలిలో, అటక మీది ట్రంకు పెట్టెలో. ఉండాలి. మా ఆడపడుచు పోయినసారి పుష్కరాలకు వచ్చినప్పుడు చదువుకుంటానని పట్టుకెళ్ళింది, తిరిగిచ్చిందో లేదో రాసి పెట్టుకోలేదు. ఫోన్ చేసి అడగాలి.